సముద్రం దాటినాయన బియ్యం

కోరెంటైన్ తీరం, గయానా
14 జూలై 2024

అక్కా,

చేరాను. ముందు ఈ ఒక్క మాట చదివి, చెంబెడు నీళ్లు తాగి, ఆ తర్వాత మిగతాది చదువు. నేను విమానం ఎక్కినప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదని లిడియా మెసేజ్ పెట్టింది.

నువ్వు చెప్పినట్టే కాగితం మీద రాస్తున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు. పత్తి జిన్నింగ్ మిల్లు చప్పుడు నీ చెవులు తినేసి ఎన్నేళ్లయిందో. మెసేజ్ పెడితే 'రెండు ముక్కలతోని కడుపు నిండుతదారా' అంటావు. అందుకే రాసి, ఫోటో తీసి, లిడియా ఫోన్‌కు పంపుతాను. ఆ పిల్ల దవాఖాన డ్యూటీ నుంచి వస్తూ జిరాక్స్ షాపులో కాగితం తీయించి నీ చేతికిస్తుంది. నీ జవాబు కూడా ఆమే ఫోటో తీసి పంపుతుంది. పక్కింట్లో నర్సు ఉండడం నీకెంత ఆసరానో, నాకూ అంతే.

ఇది దుబాయి లాంటి చోటు కాదు. అక్కడ అందరూ పని కోసం వచ్చినవాళ్లే. ఇక్కడా అంతే కానీ, వచ్చి నూటయాభై ఏళ్లు దాటింది. పది మందిని వరసలో నిలబెడితే నలుగురివి మన మొహాలే. చెరుకు తోటల్లో కూలికని ఓడల్లో తెచ్చారట వాళ్ల తాతలను. ముగ్గురు నల్లవాళ్లు, అంతకుముందు గొలుసులు వేసి తెచ్చినవాళ్ల మనవలు. ఇద్దరు అందరి రక్తమూ కలిసినవాళ్లు. మిగిలిన ఒక్కడు అసలు ఈ నేలవాడు, మన దగ్గర గోండుల లాగా. చీనా వాళ్లు, పోర్చుగీసు వాళ్లు కూరలో ఉప్పులాగా అక్కడక్కడా. ఇప్పుడు పక్క దేశం వెనెజులా నుంచి పిల్లల్ని చంకన వేసుకుని కొత్తవాళ్లు వస్తున్నారు. సముద్రంలో చమురు పడిందని మాలాంటి వాళ్లు వస్తున్నారు. వచ్చేవాళ్లు వస్తుంటే, ఉన్నవాళ్లు న్యూయార్క్‌కో టొరంటోకో పోతున్నారు.

ఈ తీరంలో చాలా ఊళ్లకు పేర్లు లేవు, నంబర్లే. మన బొగ్గు బావులకు ఉన్నట్టు. రేవు కట్టే చోట క్యాంపు నిండిపోయిందని నాకు ఊళ్లో ఒక కట్టె ఇల్లు ఇప్పించారు. ఇల్లు స్తంభాల మీద నిలబడి ఉంటుంది, మెట్లెక్కి పోవాలి. ఆ గల్లీలో సగం ఇళ్లకు తాళాలే. వాటిని చూసుకునేది ఒక ముసలామె, అందరూ 'ఆజీ' అంటారు. ఆమె తాత ముత్తాతలు మద్రాసు ఓడలో వచ్చారట. పొద్దు గూకగానే ఆమె తాళం వేసిన ప్రతి ఇంటి కింది మెట్టు మీద దీపం పెట్టి, వెళ్లిపోయినవాళ్లను పేరు పేరునా పిలుస్తుంది. ఎందుకని అడిగితే చెప్పింది. ఆమెది ఇక్కడి ఇంగ్లీషు, నేను మన మాటలో రాస్తున్నాను: "పిలువకుంటే ఇల్లు వాళ్లను మర్సిపోతది కొడుకా."

నాకు చేపల పులుసు పెట్టింది. నీ అంత కారం వేయదు. అది తప్ప వంక పెట్టడానికేం లేదు.

నీ తమ్ముడు
ముత్యం

---

బెల్లంపల్లి
28 జూలై 2024

తమ్మీ ముత్యం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం, రెండోసారి గయానా కోసం, మూడోసారి ఆ ముసలామె కోసం. ఆజీ అంటే నాకు నవ్వొచ్చింది. ఆదిలాబాద్ మిల్లులో నా పక్కన పత్తి ఏరే మరాఠీ ఆమెను కూడా ఆజీ అనేవాళ్లం. నానమ్మ అని. ఆమె కూడా ఇట్లాగే అందరికీ తిండి పెట్టి, ఆ తర్వాత అందరి మీదా పెత్తనం చేసేది. జాగ్రత్త.

నువ్వు చెప్పిన దేశం నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మన బెల్లంపల్లి అంతే కదా. బొగ్గు పడిందని కరీంనగర్ వాళ్లు, ఆంధ్రా వాళ్లు, బీహారు వాళ్లు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు వచ్చారు. అంతకు ముందున్న గోండులు పక్కకు జరిగారు. బావులు మూతపడగానే అందరూ లేచిపోయారు. నేను కుట్టుమిషన్ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తే వరసగా ఖాళీ క్వార్టర్లే. తలుపులు ఎవరో పీక్కుపోయారు. ఇక్కడ దీపం పెట్టే ఆజీ లేదు. అంతే తేడా.

ఒక్క మాట. పొద్దు గూకినంక ఎవరైనా పేర్లు పిలుస్తుంటే నువ్వు ఆ దగ్గర నిలబడకు. అవ్వ ఉంటే ఇదే చెప్పేది. అవ్వా బాపూ పోయినంక నిన్ను నేను పెంచాను కాబట్టి అవ్వ మాటలు కూడా నేనే చెప్పాలి.

ఏడాది ఒప్పందం అన్నావు. వచ్చే ఏడు బతుకమ్మకు నువ్వు ఇక్కడ ఉండాలి. వచ్చినప్పుడు తలుపు కొట్టి చేతులు నొప్పించుకోకు, నాకు వినపడదని తెలుసు కదా. ఎప్పటిలాగే గొలుసు ఊపు. కదిలితే నేను చూస్తాను.

అక్క
వినోద

తా.క. పులుసు సంగతి సరే. ఆ ఆజీకి పెళ్లీడు మనవరాలు ఉందా? ఉంటే ముందే చెప్పు, చీర కొనాలి.

---

కోరెంటైన్ తీరం
25 ఆగస్టు 2024

అక్కా,

మనవరాలు టొరంటోలో ఉంది. నీ చీర పెట్టెలోనే ఉంచు.

ఇవాళ రాయబోయే సంగతి చదివి నువ్వు పరేషాన్ కావొద్దు. నాకైతే ఒళ్లు జలదరించింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

నిన్న ఆజీ ఒక అరిటాకులో అన్నం, పప్పు పెట్టుకుని మా మెట్ల దగ్గరికి వచ్చింది. మామూలుగా నా గిన్నె నా చేతికే ఇస్తుంది. నిన్న నాకు గిన్నె ఇచ్చి, ఆ ఆకును మాత్రం గడప బయట నేల మీద పెట్టింది. పెట్టి, వెనక్కి నడుస్తూ ఏదో అంది. ఇంగ్లీషు కాదు. ఇంకోసారి అనమన్నాను. మళ్లీ అంది.

"తిని పోండ్రి, మర్లి చూడకుండ్రి."

అక్కా, ఒట్టు. పెత్రమాస నాడు, పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్యకు, అవ్వ వాకిట్లో ఆకు పెట్టి అనే మాట. ఊళ్లో ఇంకెవరూ అనేవాళ్లు కాదు, మన ఇంట్లోనే. అర్థం ఏమిటని ఆజీని అడిగితే తెలియదంది. ఈ ఇంటి మొదటి మనిషి దగ్గర వాళ్ల నాయనమ్మ నేర్చుకున్నదట. ఆయన కూలి ఓడలో ఒంటరిగా వచ్చాడు, పెళ్లి చేసుకోలేదు, ఏటా ఒక అమావాస్య నాడు గడప బయట అన్నం పెట్టి ఈ మాట అనేవాడు. మద్రాసు వాళ్ల భాష కాదు, ఇంకేదో మాట్లాడేవాడట. పెద్ద నది పక్క ఊరు తనదని చెప్పేవాడట. పేరు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయినంక, ఏటా ఆయన పోయిన రోజున గల్లీవాళ్లు ఆయనకే ఈ అన్నం పెడుతున్నారు.

మన ముత్తాత అన్న, కరువులో ఇల్లొదిలి వెళ్లిపోయినాయన, ఈయనే. నాకు అనుమానం లేదు. లక్షెట్టిపేట పక్క నుంచి గోదారి పట్టుకుని నడిచినవాడు ఇక్కడ తేలాడు. ఆయన ఇంట్లోనే నేను పడుకుంటున్నాను. ఈ పెత్రమాసకు లక్షెట్టిపేట ఇంట్లో చిన్నబాపుతో చెప్పి ఆయన వంతు బియ్యం పూజ చేసే అయ్యగారికి ఇప్పించు. నూరేళ్ల నుంచి బయటే నిలబెట్టాం. ఇక చాలు.

ముత్యం

---

బెల్లంపల్లి
8 సెప్టెంబర్ 2024

తమ్మీ,

నాకూ ఒళ్లు జలదరించింది. కానీ నువ్వు సంబరపడ్డావు, నాకు భయం పుట్టింది.

పెత్రమాస నాడు మనం ఎట్లా చేస్తామో నువ్వు మరిచిపోయినట్టున్నావు, పన్నెండేళ్లు దుబాయిలో ఉంటివి. పోయిన ఒక్కొక్కరికీ ఒక్కో పాలు, అంటే వాళ్ల వంతు బియ్యం, కూరగాయలు పెట్టి, పేరు చెప్పి అయ్యగారికి ఇస్తాం. పేరు చెబితేనే అది వాళ్లకు చేరుతుంది. వెళ్లిపోయినాయన పేరు మనకు తెలియదు. ఆయన తల్లి కోపంతో 'వాని పేరు గీ ఇంట్ల ఎవ్వరు తియ్యొద్దు' అన్నదట. తీయక తీయక పేరే పోయింది. బతికున్నాడో లేదో కూడా తెలియదు కాబట్టి ఆయనకు గడప బయట ఒక ఆకు. అంతే. అవ్వ ఎప్పుడూ చెప్పేది, 'పేరు లేని బియ్యం ఇయ్యొద్దు బిడ్డా, అది ఎవ్వనికి చేరుతదో మనకెరుక లేదు' అని.

కాబట్టి ఇవ్వను. నువ్వు ఆ ఇల్లు మారు. క్యాంపులో నేల మీద పడుకున్నా ఫికర్ లేదు. ఆ ముసలామె పిలుపుకు పలకకు.

వినోద

---

కోరెంటైన్ తీరం
15 సెప్టెంబర్ 2024

అక్కా,

ఆజీ నన్ను పిలిచిందని నేనెక్కడ రాశాను? ఆమె పిలిచేది వెళ్లిపోయినవాళ్లను. నాకు ఒక ముద్ద ప్రేమగా పెట్టే మనిషి దొరికితే నీకు కడుపు మంట. నా దుబాయి రూమ్‌లో వంట చేసిన ముసలాయన మీద కూడా నువ్వు ఇట్లాగే అనుమానపడ్డావు.

నువ్వు కాదంటావని తెలిసి చిన్నబాపుకు నేనే ఫోన్ చేశాను. ఆయన ఏడ్చాడు. 'మన రక్తం రా అది, ఇద్దాం' అన్నాడు. కోపం తెచ్చుకోకు. ఇల్లొదిలినవాడి బాధ నీకు తెలియదు అక్కా. నేను సెలవుకు వచ్చిన ప్రతిసారీ చుట్టాలు 'ఎప్పుడొచ్చినవ్' అని అడిగి, ఆ వెంటనే 'ఎప్పుడు పోతవ్' అని అడుగుతారు. ఇంట్లోకి పూర్తిగా వచ్చినట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆయనైనా లోపలికి రానీ.

ముత్యం

---

బెల్లంపల్లి
6 అక్టోబర్ 2024

తమ్మీ,

నీ మాటే నెగ్గింది. రెండో తారీఖు పెత్రమాసకు లక్షెట్టిపేట పోయి వచ్చాను. అలిగి పోకుండా ఉందామనుకున్నాను కానీ అవ్వాబాపుల బియ్యం నేను చూడకుంటే ఎట్లా?

చిన్నబాపు హనుమండ్లు వాకిలి అలికించి, వరసగా పాళ్లు పెట్టించాడు. చివర ఒకటి ఎక్కువ. అయ్యగారు ఒక్కొక్క పాలు దగ్గర చిన్నబాపు మొహం చూస్తున్నాడు, చిన్నబాపు పేరు చెబుతున్నాడు. నాకు వినపడకున్నా పెదవులను బట్టి అవ్వ పేరు, బాపు పేరు పోల్చుకున్నాను. చివరి పాలు దగ్గర చిన్నబాపు ఆగాడు. అటూ ఇటూ చూశాడు. అయ్యగారు ఏదో అన్నాడు, చిన్నబాపు తల ఊపి ఏదో చెప్పాడు. పేరైతే కాదు, చాలా పొడుగు మాట. అప్పుడే పిల్లలెవరో అడ్డం వచ్చారు, నాకు పెదవులు కనపడలేదు.

తర్వాత కాకులకు పెడితే ఒక్క కాకి వచ్చింది. ఆ చివరి పాలు ముద్దనే ముట్టింది. మిగతావాటి వైపు చూడలేదు. చిన్నబాపు చప్పట్లు కొట్టాడు, నూరేళ్ల ఆకలి అని. అందరూ సంతోషపడ్డారు. నేను కూడా సంతోషపడ్డాననే రాస్తున్నాను. నీ మీద కోపం లేదు. అక్కడ ఆ ఆజీ గిన్నె మంచిగా తిను, నేనేమీ అనను.

మన ఇంటి ముందు బతుకమ్మకు తంగేడు పూలు దొరకలేదు. గునుగుతో సరిపెట్టాం.

వినోద

---

కోరెంటైన్ తీరం
20 అక్టోబర్ 2024

అక్కా,

ఆయనకు బియ్యం అందినట్టే ఉంది. ఇల్లు తేలికైనట్టు ఉంది.

నాకు మాత్రం చిన్న చిన్న తంటాలు. మూడో తారీఖు నుంచి హాజరు మిషన్ నా వేలు తీసుకోవడం లేదు. మాలాంటి వెల్డింగ్ చేసేవాళ్లకు వేలి గీతలు అరిగిపోతాయి, దుబాయిలో కూడా ఇద్దరికి అయింది. మేస్త్రీకి చెబుదామంటే వాడు నా పక్క నుంచే మాట్లాడుకుంటూ పోతాడు. మినీ బస్సు నాకు ఆగడం లేదు, నడిచిపోతున్నాను. సముద్రం గట్టు మీద నడక బాగానే ఉంది. ఇక్కడ నేల సముద్రం కన్నా పల్లం, పోటు వేళ నీళ్లు మన తల కన్నా పైన ఉంటాయి. గల్లీ కుక్కలు మొదట్లో నా మీద ఎగిరేవి. ఇప్పుడు తోక కూడా కదపవు. అలవాటయ్యాను కాబోలు.

ఆజీకే ఏదో కోపం వచ్చింది. మూడో తారీఖు పొద్దున నా గిన్నె కోసం చేయి చాపితే ఇవ్వలేదు. గడప బయట ఆకు పెట్టి, ఆ మాటే అని, వెనక్కి నడిచిపోయింది. రోజూ అంతే. నేను 'ఆజీ' అని పిలిస్తే చూడదు. కళ్లు తుడుచుకుంటూ పోతుంది. ఆమెను నేనేమన్నానో నాకు గుర్తుకు రావడం లేదు. నువ్వైతే ఆడవాళ్ల అలక తెలిసినదానివి, ఏం చేయాలో చెప్పు.

ముత్యం

---

బెల్లంపల్లి
3 నవంబర్ 2024

తమ్మీ, తమ్మీ,

నీ ఉత్తరం చదివిన పూటే లక్షెట్టిపేట బస్సెక్కాను. చిన్నబాపు చేయి పట్టుకుని, ఆ చివరి పాలు దగ్గర ఏం చెప్పినవో కాగితం మీద రాయమన్నాను. రాశాడు.

అయ్యగారు పేరు అడిగితే, 'పేరు ఎరుక లేదు, మా ఇంట్ల సముద్రం దాటిపోయినాయనకు' అన్నాడట. అయ్యగారు అదే చెప్పి ఇచ్చేశాడు.

మన ఇంట్లో సముద్రం దాటిపోయినవాడివి నువ్వు కూడా కదరా.

చిన్నబాపుకు కాగితం మీద అదే రాసి చూపించాను. మొహం నల్లబడింది. 'గట్ల ఎట్లయితది బిడ్డా, వాడు బతికున్నోడు గదా' అన్నాడు. అంటూనే కూలబడ్డాడు. కాకి ముట్టింది ఆయన కూడా చూశాడు కదా.

ఇంటికొచ్చి లిడియాకు చెప్పాను. నిన్న వాళ్ల సమాధుల పండుగ, మామ సమాధికి సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టి వచ్చింది. నాకు అర్థమయ్యేటట్టు మెల్లగా చెప్పింది, "అక్కా, మేం పోయినోళ్లకు దీపం పెడ్తం గని బువ్వ పెట్టం. బువ్వ పెడితే ఆశ పుడ్తది." ఇంకొకటి కూడా చూపించింది. ఆమె ఫోన్‌లో నువ్వు చివరిసారి కనిపించింది అక్టోబర్ రెండు అనే ఉంది. మరి ఇరవయ్యో తారీఖు ఉత్తరం ఎట్లా వచ్చింది?

నేను చెప్పింది చెయ్యి. ఆ ఆకులో అన్నం ముట్టకు. ఆజీ ఎదురుగా పోయి నిలబడు. ఆమె చేత నీ పేరు అనిపించు, ఆమె చేత్తో నీ చేతికి ముద్ద పెట్టించుకో. ఆ తర్వాత మొదటి విమానం ఎక్కు. ఒప్పందం, పని ఏదీ నాకు వద్దు. నువ్వు నాకు కావాలి.

అక్క

---

కోరెంటైన్ తీరం
8 డిసెంబర్ 2024

అక్కా,

భయపడకు. నాకు ఇక్కడ ఏ కష్టమూ లేదు. ఆకలి కూడా ఎక్కువ వేయదు.

నువ్వు చెప్పినట్టే ఆజీ ఎదురుగా నిలబడ్డాను. ఆమె దీపం పట్టుకుని నాలోంచి చూసి నడిచింది. మా మెట్ల దగ్గర దీపం పెట్టి నా పేరు పిలిచింది. పిలిచింది అక్కా, చక్కగా, 'ముత్యం' అని. పలికాను. కానీ తాళం వేసిన ఇళ్ల వాళ్లను ఎట్లా పిలుస్తుందో అట్లాగే పిలిచింది, జవాబు కోసం ఆగలేదు.

ఇంకో సంగతి. ఈ ఇళ్లు ఖాళీవి కావు. నేను ఇన్నాళ్లూ సరిగ్గా చూడలేదు. పొద్దున పూట వరండాల్లో మనుషులు కూర్చుని ఉంటారు. న్యూయార్క్ పోయినవాళ్లూ, టొరంటో పోయినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఇంటిని వదలలేని సగం ఇక్కడ ఉండిపోయిందట, మిగతా సగం అక్కడ పని చేసుకుంటోంది. నల్లవాళ్లున్నారు, మన మొహాలున్నాయి, చీనా అంగడి ఆయన ఉన్నాడు. ఎవరి భాష వాళ్లదే, అయినా అందరికీ అర్థమవుతుంది.

మా వరండాలో ఒక ముసలాయన ఉంటాడు. పేరు చెప్పడు, నవ్వుతాడు. మాట మాత్రం అచ్చం మనదే. నన్ను చూసి మొదట అడిగింది, "గోదారి నిండిందా?" అని. నిండిందన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో! తర్వాత అన్నాడు, "గీ యేడు మనింటి బియ్యం వచ్చినయి. ఇద్దరికి సరిపోయినయి."

చిన్నబాపును ఏమీ అనకు.

ముత్యం

---

బెల్లంపల్లి
19 జనవరి 2025

ఎవరికి రాస్తున్నానో తెలియకుండా రాస్తున్నాను.

కరీంనగర్‌లో ముత్యాన్ని పంపిన ఏజెంటు దగ్గరికి లిడియాను తీసుకుని పోయాను. అక్టోబర్ మూడు నుంచి తమ్ముడు పనికి రాలేదట. పాస్‌పోర్టు అక్కడి కంపెనీ దగ్గరే ఉంది. గదిలో సంచీ, చెప్పులు, సగం రాసిన కాగితాలు ఉన్నాయి. పోలీసులు సముద్రం గట్టు వెంట వెతికారు, ఏమీ దొరకలేదు. ఏజెంటు ఏం మాట్లాడినా నా వైపు చూడకుండా లిడియాతోనే మాట్లాడాడు. చెవిటిదాని ఎదుట ఏదైనా అనొచ్చు అనుకుంటారు. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు అంతా వినపడింది.

మరి ఈ ఉత్తరాలు రాసేది ఎవరు? చేతిరాత నా తమ్ముడిదే. లిడియా ఈ ఫోటోలు తీసేయమంటుంది, ప్రార్థన చేస్తానంటుంది. చేయమన్నాను. తీసేయొద్దన్నాను.

నువ్వు నా తమ్ముడివైతే, నా చెవులు పోయాయని మనకు తెలిసిన రోజు ఏమైందో రాయి. మన ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

వినోద

---

తేదీ తెలియడం లేదు

అక్కా,

నేనే. ఆ రోజు మిల్లు గేటు దగ్గర నీ కోసం నిలబడ్డాను. నువ్వు జడలో పత్తి పోగులతో బయటికి వచ్చావు. నేను వెనక నుంచి 'అక్కా' అని పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు గేటు గొలుసు పట్టుకుని ఊపాను. నీ నీడ పక్కన దాని నీడ కదిలితే తిరిగి చూశావు. నువ్వు ఏడవలేదు. నేను ఏడిస్తే 'గొలుసున్నది గదరా' అన్నావు. దారిలో మిర్చీలు కొనిపెట్టావు.

ఇప్పుడు అదే నాకు జరుగుతోంది, తిప్పి రాసినట్టు. నువ్వు అక్కడ నిలబడి పిలుస్తున్నావు, తెలుస్తోంది. తిరగాలని ఉంది. మెడ తిరగడం లేదు. ఆజీ రోజూ ఆకు పెట్టి, మర్లి చూడకుండ్రి అంటుంది. ఆ మాట ముందు నా బలం చాలడం లేదు. ముసలాయన చెబుతున్నాడు, ఆయనకూ అంతే అయిందట. ఇంటి వాకిట్లో ఏటా వాళ్ల అమ్మ అదే మాట అంటుంటే ఇక్కడికి వినిపించేదట. అలవాటైపోతుందంటున్నాడు.

నాకు అలవాటు కావొద్దు అక్కా. నాకు ఇంటికి రావాలని ఉంది.

---

బెల్లంపల్లి
21 సెప్టెంబర్ 2025, పెత్రమాస

తమ్మీ ముత్యం,

నీ ఆ ఉత్తరం తర్వాత మళ్లీ ఏదీ రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి, గోదారి నిండింది. ఆ ముసలాయనకు చెప్పు.

పొద్దున లక్షెట్టిపేట పోయాను. చిన్నబాపు ఈ ఏడు ఒక పాలు నీ పేరున పెట్టించాడు. ఏడాది నుంచి ఆయన మంచం దిగడం తక్కువ. నా రెండు చేతులూ పట్టుకుని, నాకు తెలిసేటట్టు ఒక్కొక్క మాట అన్నాడు: "పేరు చెప్పు బిడ్డా. నువ్వు చెప్తెనే వానికి చేరుతది. ఉపాసం ఉంటడు వాడు."

అయ్యగారు నా మొహం చూస్తున్నాడు. చుట్టాలందరూ చూస్తున్నారు. చెబితే నీ ఆకలి తీరుతుంది, నువ్వు చచ్చినట్టే. చెప్పకుంటే నువ్వు అక్కడే, మెడ తిరగకుండా. ఏడాదంతా ఇదే ఆలోచించాను. కుట్టుమిషన్ తొక్కుతూ ఆలోచించి వేలికి రెండుసార్లు సూది గుచ్చుకున్నాను.

ఆ పాలు బియ్యం ఎత్తి కొంగులో పోసుకున్నాను. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. వెనక ఏమన్నారో నాకు వినపడదు, అదొక సుఖం.

ఇంటికి వచ్చి ఆ బియ్యమే వండాను. ఆకు కోయలేదు. నీ స్టీలు పళ్లెం తోమి, ఇంటి లోపల, నా పళ్లెం పక్కన పెట్టాను. పచ్చిపులుసు చేశాను, నీకిష్టమైనంత కారంతో. మన ఇంట్లో ఈ మాటను ఎప్పుడూ ఎవరూ తిప్పి అనలేదు. నేను గడప మీద నిలబడి, నా గొంతు నాకే వినపడదు కాబట్టి ఎంత గట్టిగా అన్నానో తెలియదు, పేరు పెట్టి అన్నాను. 'ముత్యం, మర్లి చూడు. తిని ఉండు.' ముసలాయనను కూడా పిలిచాను. పేరు లేకుంటే ఏం, తాతా అన్నాను.

లిడియా వాళ్ల గుమ్మంలోంచి చూసి, నోటి మీద చేయి పెట్టుకుని లోపలికి పోయింది. ఏమొస్తుందో తెలియకుండా పిలుస్తున్నావా అని ఆమె భయం. నాకు తెలుసు ఏం పిలుస్తున్నానో. బతికి వస్తే బతికినవాడివి రా. కాకుంటే ఎట్లున్నావో అట్లా రా. నిన్ను తినిపించి పంపేయడం నా చేత కాదు. ఇది తప్పయితే ఆ తప్పు నాదే.

ఇప్పుడు పొద్దు వాలుతోంది. ఎదురుగా ఖాళీ క్వార్టర్ల మీద ఎర్రటి ఎండ. తలుపు వేసి, గొలుసు వైపు చూస్తూ నీకు ఇది రాస్తున్నాను. ఇందాకటి నుంచి చూస్తున్నాను. గొలుసు కదలడం లేదు తమ్మీ. గాలికి కూడా కదలడం లేదు.

కానీ నాకు వినిపిస్తోంది.

మిల్లు వదిలినంక నాకు వినపడ్డ మొదటి చప్పుడు ఇది. మెట్లు లేని మన ఇంటి ముందు ఎవరో మెట్లు ఎక్కుతున్న చప్పుడు. తడి కాళ్లు. ఇద్దరివి. ఒకరు ఆగారు. ఇప్పుడు తలుపు అవతల నుంచి నీ గొంతు, నువ్వు చిన్నప్పుడు మిల్లు గేటు దగ్గర పిలిస్తే నాకు వినపడనిది, 'అక్కా' అంటోంది. రెండోసారి కూడా అంది.

అన్నం ఇంకా వేడిగానే ఉంది. కలం కింద పెట్టి తలుపు తీస్తున్నాను.

అక్క
వినోద